ముఖమున మానని వాపు

నేఁడు ముఖమునకు వచ్చు వాపులలో మిక్కిలి యరుదైన యొకదానిని గూర్చి చెప్పఁదలఁచితిని. నేను వైద్యుఁడను గాను. విశాఖపట్టణమున బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాఁడను. నా పూర్వశిష్యుఁ డొకఁడు దీని పాలగుటచేత నాకిది తెలియవచ్చినది.

ఆతఁడు కొబ్బరితోఁటలలోఁ బని చేయువాఁడు. మొదట నొక ముక్కుపుటము మూసికొనిపోయెను, జలుబని యూరకుండెను. కొన్ని మాసములకు ముక్కు లావెక్కి, పైపెదవియు బుగ్గలును గట్టిపడి యుబ్బెను. నొప్పి లేదు, జ్వరము లేదు. ఒకచోట గడ్డయని కోసిరి. వాపు మరల వచ్చెను. ఊరివారు కుష్ఠని గుసగుసలాడిరి. కుదిరిన కుమార్తె వివాహము నిలిచిపోయెను.

మన పూర్వులు శోథమును దోషభేదముచే విభజించిరి గాని, యీ వాపునకుఁ గారణము కంటి కగపడని యొక బూజు. దాని పేరు కొనిడియోబొలసు కొరొనేటసు. లాటినుభాషలో రెండవ పదమునకుఁ గిరీటము గలదని యర్థము. ముఖమును బాడుచేయుదానికిఁ గిరీటమేలకో! ఉష్ణదేశముల తేమనేలలందును, కుళ్లిన యాకులందును ఇది యుండును. మనుష్యునియందు దీనిని 1965లో జమైకాదీవినుండి వర్ణించిరి. పిమ్మట నాఫ్రికాయందును మన దక్షిణదేశమునను గనుఁగొనిరి. బీజరేణువులు ఊపిరితోనో, మట్టిచేతులతోనో ముక్కుఁ జేరునని వైద్యుల యభిప్రాయము. ఒకరినుండి యొకరికి అంటదు. మరల చెప్పుచున్నాను, అంటదు.

వ్యాధినిర్ణయము చూపుచేతఁ గాదు. ముక్కులోపలినుండి చిన్న మాంసపుముక్కను దీసి, కొంత రంగువేసి సూక్ష్మదర్శినితోఁ జూతురు. వెడల్పైన పోగులును, వానిచుట్టు నెఱ్ఱని తొడుగును గానవచ్చును. కొంత గాజుపళ్లెరమునఁ బెంతురు. బూజు తన రేణువులను పైమూఁతవఱకుఁ జిమ్మి దానిని మసకబార్చును! ఈ చిమ్ముట చూచి వైద్యులు దీనిని పోల్చుకొందురు.

పంటిచీమువలని వాపు నొప్పితో వచ్చును. మూత్రపిండముల జబ్బున ఱెప్పలు ఉదయమున నుబ్బును, పాదములును వాచును. పడని వస్తువు తిన్న వాపు ఒకటి రెండు దినములలోఁ దీయును. కుష్ఠుమచ్చలపై సాధారణముగా స్పర్శ తెలియదు. అదియు నేఁడు మందులచే నయమగునదే. ముక్కు మూసికొని, నొప్పిలేక, నెలలతరబడి గట్టిగాఁ బెరుగు వాపైనచో, 1923లో నెలకొన్న ఆంధ్ర వైద్యకళాశాలకుఁ జేరిన కింగు జార్జి ఆసుపత్రివంటిచోట చెవి, ముక్కు, గొంతు వైద్యులకుఁ జూపవలెను.

ఇట్రాకొనజోలు బిళ్లలును, పొటాసియము అయొడైడు ద్రావకమును వాడుదురు. రెండవది గొంతుగ్రంథిని బాధింపవచ్చును గావున వైద్యుని కనుసన్నలనే పుచ్చుకొనవలెను. కోఁత యొక్కటే చాలదు. వాపు తగ్గెనని మందు మానినచో మరల రావచ్చును, నెలలు పట్టును.

నా శిష్యుఁడు మానలేదు. ముక్కు తగ్గెను, పైపెదవి కొంచెము మందముగానే యున్నది. వరునివారు వచ్చినపుడు ఆసుపత్రికాగితమును చదివి యర్థము చెప్పుమని నన్నే యడిగిరి. చెప్పితిని. ఆ మాఘమాసముననే వివాహము జరిగినది.