ఆటపెట్టెకూ కంప్యూటరుకూ మధ్య ఒక తీగ

ఆటలో దొంగదారి చూపే పరికరం గురించి కళాశాల వార్షిక సంచికలో వ్యాసమేమిటని గురువులు నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. దాని మూలంగా నేను నాలుగు నెలలు తిప్పలు పడ్డాను, పన్నెండు వందల రూపాయలు పోగొట్టుకున్నాను. కాని కంప్యూటరు మెమొరీ అంటే ఏమిటో పాఠ్యపుస్తకంలో కన్నా అక్కడే బాగా తెలిసింది.

కిందటి వేసవిలో అమెరికా నుంచి వచ్చిన మా బావ తన చిన్ననాటి నింటెండో 64 ఆటపెట్టెను నాకిచ్చి వెళ్లాడు. 1996లో వచ్చిన యంత్రమది. దానితోపాటు గేమ్‌షార్క్ ప్రో అనే కార్ట్రిడ్జి కూడా ఇచ్చాడు. బ్రిటన్‌కు చెందిన డేటెల్ సంస్థ రూపొందించిన ఈ రకం పరికరాలు ఐరోపాలో యాక్షన్ రీప్లే అనే పేరుతో, అమెరికాలో గేమ్‌షార్క్ అనే పేరుతో అమ్ముడయ్యాయి. పెట్టెలో ముందు దీన్ని గుచ్చి, దీని నెత్తిన ఆట కార్ట్రిడ్జిని గుచ్చాలి.

ఇది చేసే పనేమిటి? ఆటలో మనకు మిగిలిన ప్రాణాలు నాలుగనుకోండి. ఆ నాలుగు అనే అంకె పెట్టె మెమొరీలో ఎక్కడో ఒక గదిలో ఉంటుంది. ఆ గది చిరునామా, అందులో ఉంచవలసిన అంకె, ఈ రెండూ కలిస్తే ఒక కోడ్. గేమ్‌షార్క్ ఆ గదిలో ఆ అంకెను పదేపదే రాస్తూనే ఉంటుంది. ఆట ఎన్నిసార్లు తగ్గించినా మళ్లీ నిండుతుంది, ఊటబావిలో నీళ్లలాగా. అంతకుముందు 1990లో వచ్చిన గేమ్ జీనీ పద్ధతి వేరు. అది కార్ట్రిడ్జికీ పెట్టెకూ మధ్య కూర్చుని, ఆట తన ప్రోగ్రామును చదువుకునేటప్పుడే ఒక అంకెకు బదులు ఇంకో అంకె అందించేది. దాని మీద నింటెండో దావా వేసింది. 1992లో అమెరికా అప్పీలు కోర్టు కూడా గేమ్ జీనీని అమ్మిన గలూబ్ కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది.

సరే, ఇతరులు కనిపెట్టిన కోడ్‌లు కొట్టుకుంటూ పోతే అందులో మన ఘనత ఏముంది? మనమే కనిపెట్టాలంటే మెమొరీలోకి తొంగిచూడాలి. అందుకు దారి గేమ్‌షార్క్ ప్రో వెనకాలే ఉంది. పాతకాలపు ప్రింటర్లు తగిలించే 25 పిన్నుల పారలల్ పోర్టు అది. అక్కడి నుంచి కంప్యూటరుకు తీగ వేస్తే, ఆట నడుస్తుండగానే మెమొరీని చదవవచ్చు, రాయవచ్చు.

నా లాప్‌టాప్‌కు ఆ పోర్టు లేదు. యూఎస్‌బీని పారలల్‌గా మార్చే కేబులు ఒకటి తెప్పించాను. మెస్ బిల్లుకని నాన్న పంపిన డబ్బులోంచే ఆ పన్నెండు వందలు తీశాను. ప్లగ్గు చక్కగా సరిపోయింది. పని మాత్రం సున్నా. వారం రోజులు జుట్టు పీక్కున్నాక సంగతి బోధపడింది. ఆ కేబులుకు ప్రింటరుతో మాట్లాడడం తప్ప ఇంకేమీ రాదు. గేమ్‌షార్క్‌కు కావలసింది వేరు. ప్రోగ్రాము పోర్టులోని ఒక్కొక్క తీగనూ స్వయంగా లేపాలి, దించాలి. కంప్యూటరు నుంచి పోవడానికి ఎనిమిది డేటా తీగలున్నాయి. తిరిగి రావడానికి పాత పద్ధతిలో అయిదే ఉంటాయి. కాబట్టి ఎనిమిది బిట్ల బైటు నాలుగేసి బిట్లుగా రెండు విడతల్లో వస్తుంది. విండోస్ 98 దాకా ప్రోగ్రాములు పోర్టును నేరుగా ముట్టుకోగలిగేవి. విండోస్ 2000, ఎక్స్‌పీల నుంచి ప్రత్యేక డ్రైవరు లేనిదే కుదరదు.

ఆ దిగులుతోనే దసరా సెలవులకు ఇంటికి పోయాను. మా మిరప చేలో బోరు నుంచి తొట్టిదాకా భూమిలో వేసిన పైపు ఎక్కడో చిల్లు పడింది. నేను ఒక చివర నుంచి తవ్వబోతే నాన్న ఆపాడు. "ఒరే, మొత్తం తవ్వుతావా ఏంటి? నడిమధ్య జాయింటు ఊడదీసి చూడు. అక్కడిదాకా నీళ్లు జోరుగా వస్తే చిల్లు అవతల సగంలో ఉన్నట్టేగా" అన్నాడు. నాలుగోసారికి దొరికింది. ఆ రాత్రే కేబులు సంగతి ఆయనకు చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోయిన డబ్బు ఎటూ పోయింది, పని సగంలో వదలబాక" అన్నాడు.

తిరిగొచ్చాక మా మాస్టారిని బతిమాలితే, పాత సామానుగా అమ్మేయడానికి మూలన పెట్టిన విండోస్ 98 కంప్యూటరును రెండు సాయంత్రాలు వాడుకోనిచ్చారు. రెండు వైపులా మగ పిన్నులున్న 25 పిన్నుల కేబులు, అన్నీ నేరుగా కలిపినది, కరెంటు ఆపేసి తగిలించాను.

నింటెండో 64 మెమొరీ 4 మెగాబైట్లు, అంటే 41,94,304 గదులు. సూపర్ మారియో 64లో మొదట ప్రాణాలు నాలుగు. నాలుగు ఉన్న గదులన్నీ ఏరమన్నాను. ఒక ప్రాణం పోగొట్టుకుని, వాటిలో ఇప్పుడు మూడైనవి మాత్రమే ఉంచమన్నాను. మళ్లీ ఇంకొకటి పోగొట్టుకున్నాను. బైటులో 256 విలువలుంటాయి గనుక, అంకెలు ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా ఉంటే మొదటి వడపోతకు సుమారు 16,384 గదులు, రెండోదానికి 64 మిగలాలి. నిజం మెమొరీ అంత చెల్లాచెదురుగా ఉండదు. అయినా నాలుగైదు విడతల్లో వేళ్లమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాటిలో ఒకదాంట్లో తొమ్మిది రాశాను. తెర మీద మారియో పక్కన తొమ్మిది! ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మా చేలో పైపే.

అందుకే ఒక్క మనవి. ఈసారి పాత సామాను వేలం వేసేటప్పుడు పారలల్ పోర్టున్న ఆ కంప్యూటరు ఒక్కదాన్నీ జాబితాలోంచి తీసేయించండి. తీగలో ఒక బిట్టు పోవడం, రావడం కళ్లతో చూడదలచిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అది పనికొస్తుంది. కేబులు నేనిస్తాను.