పానాతో పాటు పాఠమూ అవసరమే!
- బీఎస్-6 బండ్లతో మెకానిక్‌లకు కొత్త విద్య

పానా, స్క్రూడ్రైవర్‌తోనే ద్విచక్ర వాహనాన్ని దారికి తెచ్చే రోజులు చెల్లాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో అత్యధిక బండ్లలో కార్బురేటర్ స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. ఇంజిన్‌కు ఎంత పెట్రోలు అందాలన్నది సెన్సర్ల సమాచారాన్ని బట్టి ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది.

లోపం తలెత్తితే హెచ్చరిక దీపం వెలుగుతుంది. స్కానర్ తగిలిస్తే లోపం కోడ్ రూపంలో కనిపిస్తుంది. అయితే కోడ్ సూచించిన సెన్సరే చెడిందనుకోవడం పొరపాటు. తీగ తెగినా, కనెక్టర్‌లో నీరు చేరినా అదే కోడ్ రావచ్చు. మల్టీమీటర్‌తో పరీక్షించకుండా సెన్సర్ మార్చితే వాహనదారుడికి వృథా ఖర్చు, మెకానిక్‌కు చెడ్డపేరు తప్పవు.

కంపెనీ సర్వీసు కేంద్రాల సిబ్బందికి యాజమాన్యాలే శిక్షణనిస్తాయి. మండల కేంద్రాల్లో సొంత షెడ్డు నడిపేవారికి చాలావరకు స్వయం అభ్యాసమే శరణ్యం. సర్వీసు మాన్యువల్‌లోని వైరింగ్ పటాన్ని చదవడం నేర్చుకోవాలి. బాగుచేసిన ప్రతి బండి కోడ్‌ను, బయటపడిన అసలు కారణాన్ని నోటు పుస్తకంలో రాసుకోవాలి.

ఐటీఐ పూర్తిచేసిన యువతకు అప్రెంటిస్‌షిప్ మరో మార్గం. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను విధిగా తీసుకోవాలి. శిక్షణ కాలంలో స్టైపెండ్ చెల్లించాలి. అక్కడ నేర్చిన పని రేపు సొంత షెడ్డుకు పెట్టుబడి అవుతుంది.