మాగ్నెట్ జనరేటర్‌తో జీవితాంతం ఉచిత కరెంట్.. నిజమేనా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

ఎండాకాలం కరెంట్ బిల్లు చూసి గుండె గుభేల్‌మన్న రోజుల్లోనే ఆ వీడియో మీ ఫోన్‌లోకీ వచ్చి ఉంటుంది. చక్రం చుట్టూ అతికించిన అయస్కాంతాలు, పక్కన రాగి తీగ చుట్ట. చేత్తో ఒక్కసారి తిప్పి వదిలేస్తే చక్రం ఆగదు, బల్బు ఆరిపోదు. ‘డీజిల్ అక్కర్లేదు, సోలార్ అక్కర్లేదు, ఇక బిల్లే రాదు’ అంటూ వెనక నుంచి మాటలు. కింద ఓ వాట్సాప్ నంబర్. అడ్వాన్స్ పంపితే మెషీన్ ఇంటికే వస్తుందట.

ఇందులో సగం నిజమే. చదువుకున్నవాళ్లు కూడా నమ్మడానికి కారణం అదే.

ఆ సగం నిజాన్ని 1831లోనే లండన్‌లో మైఖేల్ ఫారడే చేసి చూపించాడు. బోలు గొట్టం మీద తీగ చుట్టి, దాని కొసలను కరెంట్‌ను పసిగట్టే పరికరానికి కలిపాడు. గొట్టంలోకి అయస్కాంతాన్ని దూర్చగానే పరికరంలోని ముల్లు ఒక పక్కకు కదిలింది. బయటకు లాగితే రెండో పక్కకు కదిలింది. అయస్కాంతాన్ని లోపలే కదలకుండా ఉంచితే మాత్రం ముల్లు సున్నా దగ్గరే నిలిచిపోయింది. స్కూల్లో విద్యుదయస్కాంత ప్రేరణ అని చదువుకున్న పాఠం ఇదే. కరెంట్ పుట్టాలంటే అయస్కాంతం ఉంటే చాలదు, అది కదులుతూ ఉండాలి. ఎంత వేగంగా కదిలితే, తీగ ఎన్ని ఎక్కువ చుట్లు ఉంటే అంత ఎక్కువ వోల్టేజీ.

మీ ఇంటికి వచ్చే కరెంట్‌లో ఎక్కువ భాగం ఇలా పుట్టిందే. శ్రీశైలంలో కృష్ణా నీళ్లు, రామగుండంలో బొగ్గు మండించగా వచ్చిన ఆవిరి టర్బైన్‌ను తిప్పుతాయి. దాంతోపాటు పెద్ద విద్యుదయస్కాంతం తీగచుట్టల మధ్య గిరగిరా తిరుగుతుంది. బొగ్గు కేంద్రాల్లో సాధారణంగా నిమిషానికి 3,000 చుట్లు, అంటే సెకనుకు 50. మిక్సీ వెనక స్టిక్కర్ మీద కనిపించే 50 హెర్ట్జ్ ఇదే.

మరి మోసం ఎక్కడుంది?

తీగచుట్టకు బల్బు తగిలించి కరెంట్ వాడుకోవడం మొదలుపెట్టగానే, ఆ కరెంట్ వల్ల చుట్ట కూడా ఒక అయస్కాంతంగా మారుతుంది. తిరుగుతున్న అయస్కాంతాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. ఈ ఎదురుదెబ్బ ఎప్పుడూ కదలికకు వ్యతిరేకంగానే ఉంటుందని 1834లో లెంజ్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఎంత ఎక్కువ కరెంట్ లాగితే బ్రేకు అంత గట్టిగా పడుతుంది. తిప్పేవాళ్లు లేకపోతే చక్రం ఆగిపోవాల్సిందే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. పాడైన బొమ్మ కారులోంచి గేర్లున్న మోటార్ తీసి, చక్రాన్ని వేళ్లతో తిప్పండి. ఇప్పుడు మోటార్ రెండు వైర్లనూ ఒకదానికొకటి కలిపి మళ్లీ తిప్పండి. చక్రం బరువెక్కినట్టు వేలికే తెలుస్తుంది. (బ్యాటరీ తీసేశాకే సుమా!)

‘అయస్కాంతాలు ఒకదాన్నొకటి లాక్కుంటూనే ఉంటాయి కదా, ఆ బలం చాలదా?’ అని అడుగుతారు. దగ్గరికి వచ్చేటప్పుడు లాగి ఇచ్చిన శక్తిని, దూరం జరిగేటప్పుడు అదే అయస్కాంతం వెనక్కి తీసేసుకుంటుంది. వాలులో దిగిన సైకిల్ మళ్లీ ఆ ఎత్తుకు ఎక్కాల్సి వచ్చినట్టన్నమాట. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మిగిలేది సున్నా. రాపిడి లెక్క వేస్తే అదీ ఉండదు.

మోటార్‌తో ఆల్టర్నేటర్ తిప్పి, ఆ కరెంట్‌తోనే మోటార్‌ను నడుపుతూ మిగిలింది ఇంటికి వాడుకోవచ్చనేది ఇంకో రకం వీడియో. మోటార్ నూటికి 80, ఆల్టర్నేటర్ నూటికి 70 పాళ్లు తిరిగి ఇస్తాయనుకోండి. 100 పెడితే చేతికి వచ్చేది 56. మోటార్‌కే చాలదు, ఇంటికి ఎక్కడ మిగులుతుంది? వీడియోలో బల్బు వెలగడానికి బల్ల కింద దాచిన బ్యాటరీ చాలు. ఒక్కోసారి అదీ అక్కర్లేదు. కరెంట్ పోయినా వెలిగే ఎమర్జెన్సీ బల్బు లోపలే బ్యాటరీ ఉంటుంది, కింది భాగాన్ని చేత్తో పట్టుకున్నా వెలుగుతుంది.

ఒక్క యూనిట్ కరెంట్ అంటే ఎంత శ్రమో చూడండి. 1,000 లీటర్ల ట్యాంకు నీళ్లు 367 మీటర్ల ఎత్తు నుంచి పడితే, ఎక్కడా నష్టం లేకపోతే వచ్చేది ఒక యూనిట్. 2,000 వాట్ల గీజర్ దాన్ని అరగంటలో తాగేస్తుంది. మీరు ఆ స్విచ్ వేసిన క్షణంలోనే గ్రిడ్‌లోని జనరేటర్ల మీద ఆ బరువు పడుతుంది. లక్షల ఇళ్లలో ఒకేసారి స్విచ్‌లు పడితే ఫ్రీక్వెన్సీ 50 నుంచి కిందికి జారుతుంది. దాన్ని 49.90, 50.05 మధ్య ఉంచడానికి గ్రిడ్ ఆపరేటర్లు రాత్రీపగలూ కాపలా కాస్తుంటారు. ఎవరో ఒకరు తోస్తేనే చక్రం తిరుగుతుంది.

మీటర్ పక్కన అయస్కాంతం పెడితే రీడింగ్ తగ్గుతుందనే సలహా కూడా అవే గ్రూపుల్లో తిరుగుతోంది. దాని జోలికి అసలు పోవద్దు. బలమైన అయస్కాంతం దగ్గరికి వస్తే ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లు తేదీ, సమయంతో సహా నమోదు చేస్తాయి. మీటర్‌ను ట్యాంపర్ చేయడం విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 135 కింద కరెంట్ దొంగతనమే. మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

బిల్లు నిజంగా తగ్గాలంటే చక్రం, అయస్కాంతం రెండూ లేని దారి ఒకటుంది. అది ఇంటి పైకప్పు సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు రూ.30,000, 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78,000 సబ్సిడీ ప్రకటించారు. పథకం పోర్టల్‌లో నమోదైన వెండర్‌నే ఎంచుకోవాలి. సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది.

మాగ్నెట్ మెషీన్‌కు ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. వస్తువు చేతికొచ్చాక మోసమని తెలిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పేమెంట్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్, ఆ వీడియో లింకు మాత్రం డిలీట్ చేయకండి.