నీలిమందు: తొట్టిలో పచ్చన, గాలిలో నీలం

కమలాపురం దగ్గర మా చేని గట్టున ఒక పాత గచ్చు తొట్టి ఉంది. ఎద్దులకు నీళ్లు పెట్టడానికి కట్టించారేమో అనుకొనేవాణ్ణి. "అది నీలిమందు తొట్టిరా, మా అత్త కాపురానికి వచ్చేనాటికే పాడుబడిందంట" అని మా జేజి చెప్పింది. 19వ శతాబ్దంలో కడప, కర్నూలు సీమల్లో నీలి పెద్ద వ్యాపారపు పంట. వేరుసెనగ ఎండిపోయిన ఏడు ఏం వేయాలో తోచక మేం తల పట్టుకొనే నేలల్లోనే అది పండింది. ఆ మాట విన్నాక నాకు కుతూహలం ఆగలేదు.

బీడులో దొరికిన నీలి మొక్కల కొమ్మలు కోసి ఒక బానలో రాత్రంతా నానబెట్టాను. తెల్లారేసరికి నీళ్లు పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగుకు వచ్చాయి. ఆకులు తీసేసి, కాస్త సున్నపు తేట పోసి, కట్టెతో గంటసేపు చిలికితే నురగ నీలంగా మారి, అడుగున బురదలాంటి మడ్డి దిగింది. ఆనందం పట్టలేక తెల్ల నూలు గుడ్డను ఆ నీలం నీళ్లలోనే ముంచి ఆరేశాను. మొదటి ఉతుకులోనే రంగంతా పోయింది. మా అమ్మ నవ్విన నవ్వు ఇంకా చెవిలో ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో మా కెమిస్ట్రీ పాఠంలోనే ఉంది. ఆకులో నీలం ఉండదు. ఉండేది ఇండికన్ అనే రంగులేని పదార్థం. ఆకు నానినప్పుడు అది విడిపోయి ఇండాక్సిల్ అవుతుంది. చిలికినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఇండిగో అవుతుంది. ఈ ఇండిగో నీటిలో కరగదు. కరగనిది నూలు పోగులోకి ఎట్లా పోతుంది? గుడ్డమీద దుమ్ములా కూర్చుంటుంది, అంతే.

కాబట్టి దాన్ని మళ్లీ కరిగేట్టు చెయ్యాలి. అంటే క్షారంలో ఆక్సీకరణానికి ఎదురు పని, క్షయకరణం. పాత అద్దకంవాళ్లు సున్నం, బెల్లం, తగిరిస గింజల వంటివి వేసి తొట్టిని పులియబెట్టేవారు. అప్పుడు నీలం పోయి తొట్టి పచ్చన అవుతుంది. (పసుపుకూ ఆకుపచ్చకూ మన భాషలో ఒకే 'పచ్చ' ఉండటం ఇక్కడ భలే పనికొచ్చింది!) గుడ్డను అందులో ముంచి పైకి తీస్తే, కళ్లముందే గాలి తగిలి పచ్చదనం నీలంగా మారుతుంది. ఈసారి రంగు పోగు లోపలే బిగుసుకుంటుంది. తొట్టి సరిగా పులియకపోతే ఊళ్లో ఒక అబద్ధం పుట్టించేవారట, అది పాకితే రంగు కుదురుతుందని నమ్మకం. 'నీలివార్తలు' అన్నమాట అక్కడిదేనని కొందరంటారు.

ఇంత విద్య ఎందుకు పోయింది? జర్మనీలో బేయర్ 1880లో ఇండిగోను ప్రయోగశాలలో తయారుచేశాడు, 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ దాన్ని బజారుకు తెచ్చింది. చవకైన రంగు ముందు మన తొట్లు నిలవలేదు. అలాగని ఆ పాత రోజులన్నీ బంగారం కావు. బెంగాల్‌లో 1859లో రైతులు నీలి దొరలమీద తిరగబడ్డారు, 1917లో గాంధీజీ చంపారన్ వెళ్లిందీ ఈ నీలి కష్టాల గురించే.

మొక్కల రంగు అనగానే అంతా నిరపాయం అనుకోవడం కూడా పొరపాటే. పసుపుకొమ్ము రంగు ఎండకు వెలిసిపోతుంది. చాలా రంగులకు పట్టు కావాలి. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు కరక్కాయ, పటిక, ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నల్లనీళ్లు వాడతారు, అవి మేలు. అదే పనికి క్రోమియం లవణాలు వాడితే మురుగు కాలువకు విషమే. నీలికి ఈ పట్టు అవసరం లేదు. పైగా అది పప్పుజాతి మొక్క, వేళ్లలో నత్రజని నిలుపుతుంది. నానిన ఆకు చేనికి ఎరువు. కాని నానబెట్టడానికి నీళ్లు కావాలి, మా దగ్గర కరువు దానికే. వంద కిలోల పచ్చి ఆకుకు కిలో రంగు కూడా రాదు.

ఇదంతా మా నాయనకు చెప్పాను. చివరిదాకా విని, "కొనేవాడెవడు?" అని ఒక్క ప్రశ్న వేశాడు. నా దగ్గర జవాబు లేదు. రెండో గుడ్డ మాత్రం నాలుగు ఉతుకులకూ రంగు వదల్లేదు. ఈ ఏడు గట్టు పక్కన రెండు సాళ్లు నాకు వదిలాడు.