మేడమీద సూర్యుడు – గోడమీద పెట్టె

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈ వారం వంటల సంగతీ, కుట్ల సంగతీ కాకుండా, మేడమీద గోడకు బిగించి వుండే ఒక చిన్న పెట్టె గురించి మాట్లాడదామనుకుంటున్నాను. "కరెంటు గొడవ మనకెందుకమ్మా, మగవాళ్లు చూసుకుంటారు" అని రేడియో కట్టేయకండి. మగవాళ్లు తొమ్మిదింటికల్లా ఆఫీసులకు వెళ్లిపోతారు. మేడమీది సోలారు పలకలు గట్టిగా పని మొదలుపెట్టేదీ ఆ వేళకే. మిట్టమధ్యాహ్నం పైన ఏం జరిగినా, యింట్లో వుండేది మనలో చాలామందిమి మనమే కదా!

నేను ఇంజనీరును కాను. పదో తరగతి ప్యాసై, సంసారం చేసుకుంటూ, అప్పుడప్పుడూ యిలా రేడియోలో నాలుగు మాటలు చెప్పే గృహిణిని. ఈ సంగతి నేనెందుకు నేర్చుకోవలసి వచ్చిందో ముందు చెబుతాను.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సూర్యఘర్ పథకం తెచ్చింది. మూడు కిలోవాట్ల సోలారుకు 78 వేల రూపాయల సబ్సిడీ అన్నారు. మా వీధిలో ముగ్గురు పెట్టించుకున్నారు, వాళ్లను చూసి మేమూ పెట్టించుకున్నాం. పలకలు ఏ కంపెనీవి, గ్యారంటీ ఎన్నేళ్లు, ఇన్వర్టరు ఎలాంటిది అని మావారు పది ప్రశ్నలు వేశారు. గోడకు బిగించిన ప్లాస్టిక్ పెట్టెలో ఏముందని మాత్రం యింటిల్లిపాదిలో ఒక్కరమూ అడగలేదు. చీర అంచు చూసి మురిసిపోయి, రంగు దిగుతుందేమో చూసుకోనట్టయింది.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం వడియాలు తిరగెయ్యడానికి మేడమీదికి వెళ్లాను. ఏదో కాలుతున్న వాసన. చూద్దును కదా, ఆ పెట్టె మూత కమిలిపోయి, పక్కనుంచి సన్నగా పొగ వస్తోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కుళాయి దగ్గర బకెట్టు నిండుగా వుంటే ఎత్తాను, పెట్టె మీద పోసేద్దామని. ఆ సమయానికి పక్క మేడమీద బాబాయిగారు వున్నారు. ఆయన విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. "అమ్మాయ్! నీళ్లు పొయ్యకు! పెట్టెను ముట్టుకోకు! కిందికి దిగిపో!" అని ఒక్క కేక పెట్టారు. బకెట్టు అక్కడే వదిలేసి దిగాను.

బాబాయిగారు పరుగున వచ్చి, మేడమీదికి వెళ్లలేదు. మెట్లకింద మీటరు పక్కన వున్న సోలారు బ్రేకరు దించారు. కాసేపటికి పొగ ఆగింది. "పొగ పైన వస్తుంటే కింద కట్టారేమిటి బాబాయిగారూ?" అన్నాను. "కింద కడితే ఇన్వర్టరు పని మానేస్తుందమ్మా. అది లాగడం మానేస్తే పైనుంచి కరెంటు పారదు. పారకపోతే వేడి పుట్టదు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు సగం సంగతి అర్థమైంది. మిగతా సగం, చీకటిపడ్డాక లైసెన్సు వున్న ఎలక్ట్రీషియన్‌ను తీసుకొచ్చి పెట్టె విప్పించినప్పుడు తెలిసింది.

ఆ పెట్టెలో బయటపడిన తప్పులు మూడు.

మొదటిది, అందులో వున్నది మామూలు యింటి బ్రేకరు. స్తంభం నుంచి మనింటికి వచ్చే కరెంటు ఏ.సి. అది సెకనుకు 50 సార్లు అటూ యిటూ వూగుతుంది. వూగినప్పుడల్లా రెండుసార్లు సున్నాకు వస్తుంది. అంటే సెకనులో 100 సార్లు క్షణంపాటు ఆగినట్టే. సూర్యుడి పలక యిచ్చేది డి.సి. అది ఒకే దిక్కుకు, ఆగకుండా పారుతుంది.

పాకం పట్టేటప్పుడు రెండు వేళ్ల మధ్య పెట్టి చూస్తాం కదా! లేతపాకమైతే వేళ్లు విడదీయగానే తెగిపోతుంది. ముదిరితే తీగ సాగుతుంది. బ్రేకరు దించినప్పుడు లోపల రెండు లోహపు ముక్కలు విడిపోతాయి. వాటి మధ్య నిప్పురవ్వ సాగుతుంది. ఏ.సి. అయితే, సున్నాకు రాగానే ఆ రవ్వ లేతపాకంలా తెగిపోతుంది. డి.సి. రవ్వ తీగపాకంలా సాగుతూనే వుంటుంది. దాన్ని తెంపడానికి డి.సి. బ్రేకరులో వేరే ఏర్పాటు వుంటుంది, రవ్వను ముక్కలు చేసి చల్లార్చేందుకు. మామూలు బ్రేకరు ఆ పని చెయ్యలేదు. అవసరానికి దించితే అదే అంటుకోవచ్చు.

మా పలకలు ఆరు. ఒక్కొక్కటి బాగా ఎండలో దాదాపు 40 వోల్టులు యిస్తుంది. ఒకదాని వెనక ఒకటి కలిపితే 250 వోల్టుల దాకా వస్తాయి. ఇన్వర్టరు లాగకుండా ఖాళీగా వుంటే 300 వోల్టుల దాకా వెళ్తుంది. కాబట్టి పెట్టెలోని బ్రేకరు మీద అంతకంటే ఎక్కువ డి.సి. వోల్టులు రాసి వుండాలి. గుర్తుపట్టడం తేలిక. ఏ.సి.కి అలలాంటి వంకరగీత. డి.సి.కి ఒక నిలకడ అడ్డగీత, దానికింద చిన్న చిన్న ముక్కల గీత. కొన్ని డి.సి. బ్రేకర్ల మీద కూడిక, తీసివేత గుర్తులు కూడా వుంటాయి. అలాంటివాటికి తీగలు తిరగేసి బిగిస్తే బ్రేకరు మంచిదైనా రవ్వను ఆర్పలేదు.

రెండో తప్పు, ఒక తీగ సరిగా బిగించలేదు. రాగిపోచల్లో కొన్ని స్క్రూ కిందికి వెళ్లాయి, కొన్ని బయటే వుండిపోయాయి. సన్నని దారిగుండా ఎక్కువ కరెంటు పారితే అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడికి స్క్రూ యింకా వదులవుతుంది, వదులైతే యింకా వేడి. పొగకు అసలు కారణం అదే. పోచలన్నిటినీ ఒక తొడుగులో పెట్టి నొక్కి, అప్పుడు బిగించాలట.

"మరి అంత వేడెక్కుతుంటే బ్రేకరు తనంతట తానే పడిపోవద్దా?" అని అడిగాను. పడదట! మా పలకలు మామూలుగా 13 ఆంపియర్లు యిస్తాయి. రెండు తీగలూ ఒకదానికొకటి తగిలిపోయినా 14 దాటదు. పెట్టెలో వున్నది 20 ఆంపియర్ల బ్రేకరు. దానికి యిదంతా మామూలు కరెంటుగానే కనబడుతుంది. ఇంట్లో ఫ్యానో, మిక్సీయో షార్టయితే వందల ఆంపియర్లు దూసుకొస్తాయి, టప్పుమని బ్రేకరు పడుతుంది. సోలారు వైపు ఆ కాపలా లేదు. కాపలా లేనిచోట పనితనమే కాపలా. అందుకే ఆ పెట్టె బిగింపు అంత ముఖ్యం.

మూడో తప్పు పెట్టెదే. పడమటి గోడకు, ఎండకు ఎదురుగా పెట్టారు. తీగలను పైనుంచి చిల్లుచేసి దింపారు. ఆ చిల్లుగుండా వాన కారి లోపల తుప్పు చారలు పడ్డాయి. ఎండకు ప్లాస్టిక్కు పెళుసెక్కి అప్పడంలా విరిగింది.

పెట్టె ఎలా వుండాలో బాబాయిగారు చెప్పింది విని రాసుకున్నాను. మీరూ కాగితం, పెన్సిలూ తీసుకోండి.

పెట్టె నీడన వుండాలి, ఉత్తరపు గోడకో, మెట్లగది చూరు కిందో. బ్రేకర్ల లెక్కంతా 30 డిగ్రీల వేడికి కట్టింది. మన ఎండల్లో మూసిన పెట్టె లోపల అంతకు రెట్టింపు వేడి పుట్టగలదు. అప్పుడు బ్రేకరు అకారణంగా పడుతూ వుంటుంది. పడుతోంది కదా అని పెద్ద బ్రేకరు పెట్టించకండి. బ్రేకరు తీగకు తగినట్టు వుండాలి. చిన్న తీగకు పెద్ద బ్రేకరు పెడితే ముందు మాడేది తీగే.

పెట్టె మీద ఐ.పి. 65 అని రాసి వుండాలి. 6 అంటే దుమ్ము దూరదని, 5 అంటే గొట్టంతో నీళ్లు చిమ్మినా లోపలికి పోవని. అయితే చిల్లు పొడిచాక ఆ రాతకు విలువ లేదు. తీగలు అడుగునుంచే లోపలికి వెళ్లాలి, రబ్బరు బిగింపు వున్న మరల గుండా. పెట్టె కిందిదాకా తీగను వేలాడనిచ్చి, మళ్లీ పైకి మలిచి లోపలికి పంపితే, తీగ వెంబడి జారిన వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. డి.సి.కి ఒక పెట్టె, ఏ.సి.కి వేరే పెట్టె. రెండూ ఒకదాంట్లో కూరకూడదు. తీగ ఎండకు తట్టుకునే సోలారు తీగ కావాలి. యింట్లో గోడలోపల వేసే తీగ మేడమీద ఎండకు బీటలు వారుతుంది.

పెట్టెలోనే పిడుగుపాటు పోటును నేలలోకి దింపే పరికరం ఒకటి వుంటుంది. చాలావాటికి చిన్న కిటికీ, అందులో పచ్చరంగు వుంటాయి. ఉరుముల వాన వెలిశాక చూడండి. ఎర్రబడితే అది మనకోసం పోయినట్టు. మార్పించుకోవాలి. పలకల ఇనుప చట్రాలన్నిటికీ ఎర్తు తీగ కలిపి వుండాలి. వేసవిలో తులసికోటకు నీళ్లు పోసిన చేత్తోనే ఎర్తు గుంటకూ ఒక చెంబెడు పోయండి. నేల పొడిబారితే ఎర్తు సరిగా పనిచెయ్యదు.

ఇక ప్రమాదవేళ చెయ్యవలసింది. ముందు కింద ఏ.సి. బ్రేకరు దించాలి. పెట్టెనుంచి పొగ గాని, చిటపట చప్పుడు గాని వస్తుంటే దాని దగ్గరకు వెళ్లవద్దు. పలకల దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని వుండే ప్లగ్గులను పగలు ఎన్నడూ లాగవద్దు. నీళ్లు పొయ్యవద్దు. మంట కనిపిస్తే అందరూ బయటకు వచ్చి 101కి ఫోను చేసి, "మేడమీద సోలారు వుంది" అని తప్పక చెప్పండి. ఎందుకంటే వీధిలో కరెంటు పోతే బ్యాటరీ లేని ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా. కాని ఎండ వున్నంతసేపు పలకలనుంచి పెట్టెదాకా తీగల్లో వోల్టులు వుంటూనే వుంటాయి. సూర్యుడికి స్విచ్చి లేదు కదండీ!

మాకు పెట్టె బిగించిన వాళ్లకు ఫోను చేస్తే, "అందరిళ్లలోనూ యిదే పెడుతున్నామమ్మా, ఎవరూ యేమీ అనలేదు" అన్నారు. ఆ మాటకు నాకు పొగను చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది. మర్నాడే మిగతా ముగ్గురి యిళ్లకూ వెళ్లి చెప్పాను. విప్పించి చూస్తే రెండిళ్లలో అదే మామూలు బ్రేకరు. ఒకావిడ పెట్టె పక్కనే రోజూ మనవడి గుడ్డలు ఆరేస్తోంది. ఇప్పుడు అన్నీ మార్పించుకున్నాం. ఏడాదికొకసారి, వేసవి ముందు, లైసెన్సు వున్న మనిషిచేత స్క్రూలన్నీ బిగింపు చూపించుకుందామని నలుగురం అనుకున్నాం.

సోలారు మంచిది కాదని నేననడం లేదు. మా కరెంటు బిల్లు బాగా తగ్గింది. సోలారు వున్నవాళ్లు ఈ సాయంత్రం ఒకసారి మేడెక్కి పెట్టెను చూసి రండి. మూత విప్పకండి, బయటనుంచే చూడండి. ఎండలో వుందా, తీగలు పైనుంచి దిగాయా, రంగు మారిందా, వాసన వస్తోందా? ఇందులో ఒక్కదానికి ఔనని జవాబు వచ్చినా తెలిసినవాళ్లను పిలిపించండి. పెట్టించుకోబోతున్నవాళ్లు, "పెట్టెలో బ్రేకరు డి.సి.దేనా? చూపించండి" అని అడగండి. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు, బుచ్చుకున్నా మనకు పోయేదేమీ లేదు.

సెలవు.