మేకపిల్ల నేర్పిన పాఠము



మీలో అనేకులు పిల్లలకు కథలు చెప్పుదురు. సండే స్కూలులో చెప్పుదురు, వి.బి.ఎస్. దినములలో చెప్పుదురు, రాత్రి పడుకొనబెట్టునప్పుడు చెప్పుదురు. వాటిలో ఒకటి పుస్తకమైతే బాగుండునని ఎప్పుడైనా తలంచితిరా? మేమును అట్లే తలంచితిమి. మా మొదటి పుస్తకము అచ్చగువరకు నేర్చుకొనిన సంగతులను, ముఖ్యముగా ఒక చిన్నబిడ్డ యొద్ద నేర్చుకొనిన దానిని, మీతో పంచుకొనుచున్నాము.

2022 జూలైలో గోదావరి పొంగి మంథని పట్టణములోనికి నీళ్లు వచ్చెను. ఇండ్లు విడిచి ఎత్తైన చోటికి చేరిన కుటుంబములతో మేమును కొన్ని రాత్రులు గడిపితిమి. కరెంటు లేదు. పిల్లలు భయపడి ఏడ్చుచుండిరి. వారిని ఊరుకోబెట్టుటకు మేము ఒక కథ అల్లితిమి. వరదలో కొట్టుకొనిపోయిన మేకపిల్ల ఒక దుంగ మీదికెక్కి, తేలుచు తేలుచు ఒడ్డు చేరి, అరుచుకొంటూ ఇంటికి వచ్చిన కథ అది. పిల్లలు నవ్విరి. నవ్వుచునే నిద్రపోయిరి. తరువాత ఆ కథనే కాగితము మీద పెట్టితిమి.

ఒక్క బిడ్డ కొరకు పుట్టిన కథ లోకమంతా తిరుగుట క్రొత్త కాదు. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అను ఆమె 1893లో, జబ్బుపడిన ఐదేండ్ల నోయెల్ మూర్ అను బాలునికి బొమ్మలు వేసి ఉత్తరము వ్రాసెను. అందులోనిదే పీటర్ అను కుందేలుపిల్ల కథ. ఆమె దానిని పుస్తకముగా కూర్చి పంపగా ప్రచురణకర్తలు వద్దనిరి. 1901 డిసెంబరులో తన సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించుకొనెను. 1902లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ ఆ పుస్తకమును రంగుల బొమ్మలతో వెలువరించెను. ఆ నోయెల్ పెరిగి పెద్దవాడై సంఘ గురువు అయ్యెనని తెలిసినప్పుడు మేము చాల సంతోషించితిమి.

మన ప్రాంతమందును ఇట్టివారు లేకపోలేదు. మెట్‌పల్లి ప్రాంతపు వాసాల నర్సయ్యగారు తపాలా శాఖలో ఉద్యోగము చేయుచునే పిల్లల కొరకు వ్రాసిరి. 2017లో వారికి సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారము లభించెను. ఇక వయస్సు మించిపోయినదని అనుకొనువారు మన మంథనినే తలంచుకొనవలెను. 1957 నుండి 1977 వరకు ఇక్కడి శాసనసభ్యులుగా నున్న పి.వి. నరసింహారావుగారి మొదటి నవల 1998లో వెలువడెను. అప్పటికి వారికి డెబ్బది ఐదేండ్లు దాటినవి.

మా కథను మొదట ఒక పత్రికకు పంపితిమి. జవాబు రాలేదు. మరియొకరు అచ్చు వేసెదము గాని ముందుగా సొమ్ము కట్టుమనిరి. అది మా శక్తికి మించినది గనుక మానుకొంటిమి. చివరకు ఒక చిన్న ప్రచురణకర్త ఒప్పుకొనెను. మా పేరు అట్ట మీద ఎట్లుండునో అని రాత్రులు తలంచుకొనిన మాట దాచనేల?

అచ్చుకు ముందు కథను సండే స్కూలులో చదివి వినిపించితిమి. ఒక పిల్లవాడు, "కథ మంచిగున్నది అయ్యగారూ, గని ఆఖరుకు ప్రసంగం పెట్టిండ్రు" అనెను. అందరును నవ్విరి, మేమును నవ్వితిమి. ఆ చివరి పేరాను కొట్టివేసితిమి. అప్పుడు వెనుక వరుసలో ఒక ఆడబిడ్డ లేచి నిలువబడెను.

"అయ్యగారూ, గది మా మేకపిల్లనే గదా?"

"అవును బిడ్డా."

"మాది మల్ల రాలే గదా. మరి వచ్చిందని ఎందుకు రాసిండ్రు?"

మాకు నోట మాట రాలేదు. ఆమె తల్లి మహిళా సంఘములో అప్పు తీసికొని ఆ మేకను కొనినది. తల్లిమేక దక్కెను, పిల్ల కొట్టుకొనిపోయెను. ఇదంతయు మాకు తెలియును. ఆ చీకటి రాత్రి అట్లు చెప్పుట ఓదార్పే. అయితే ఆ బిడ్డ ఇంటి కష్టమును తీసికొని, ఆమెను అడుగకయే, జరుగని దానిని జరిగినట్లు అచ్చు వేయబోయితిమి.

"మరి ఎట్ల రాయమంటవు బిడ్డా?"

"రాలేదనే రాయుండ్రి. అమ్మ, నేను రోజూ ఒడ్డుకు పోయి పిలిచినమని రాయుండ్రి."

మాకు భయము పుట్టెను. ఆ సంతోషకరమైన ముగింపును చూచియే గదా ప్రచురణకర్త ఒప్పుకొనినది! మార్చినయెడల పుస్తకమే పోవునేమో. కొన్ని దినములు ప్రార్థించి, చివరకు మార్చియే పంపితిమి. రెండు నెలలు జవాబు లేదు. పుస్తకము మీద ఆశ వదలుకొనిన తరువాత సరేనని ఉత్తరము వచ్చెను.

పీటర్ కథలో కుందేలు తండ్రి తోటలో పట్టుబడి తోటమాలి ఇంటివారికి ఆహారమయ్యెనని తల్లి పిల్లలతో మొదటనే చెప్పును. పిల్లలు ఆ మాటను భరించిరి, ఆ పుస్తకమును ప్రేమించిరి. లూకా 15వ అధ్యాయములో తప్పిపోయిన గొఱ్ఱె దొరికెను గనుక మన కథలన్నియు అట్లే ముగియవలెనని మేము అనుకొనుచుంటిమి. కాని ఆ కాపరి వెదకుటకు బయలుదేరినప్పుడు అది దొరకునో లేదో అతనికి తెలియదు. ఆ తల్లీబిడ్డలును అట్లే ఒడ్డుకు పోయిరి.

వ్రాయగోరువారికి కొన్ని మాటలు. వ్రాసినది పిల్లల ఎదుట పైకి చదువుడి. వారు ప్రక్కచూపులు చూచిన చోట కొట్టివేయుడి. మీ ఇంటి మాటలనే వాడుడి. కాగితము మడతను బట్టి బొమ్మల పుస్తకము సాధారణముగా 16, 24, 32 పేజీలుగా వచ్చును గనుక కథను అంతలో ఇముడ్చుడి. పుస్తకమునకు వేయు ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితముగా ఇచ్చును. దానికి ఎవరైనను సొమ్ము అడిగినయెడల ఇయ్యకుడి. హక్కులు ఎవరివో కాగితము మీద వ్రాయించుకొనుడి. ఒకరి ఇంటి సంగతి వ్రాయునప్పుడు ముందుగా వారిని అడుగుడి.

పుస్తకము వచ్చిన దినమున మొదటి ప్రతిని ఆ బిడ్డకే ఇచ్చితిమి. తల్లి బడికి పోయినది కాదు. బిడ్డ అక్షరము అక్షరము కూడబలుక్కొని చదువగా ఆమె వినెను. ఒడ్డున నిలువబడి పిలుచుచున్న తల్లీబిడ్డల బొమ్మ మీద చేయి పెట్టి, "మల్లొక్కసారి సదువు బిడ్డా" అనెను. అట్ట మీద మా పేరును ఆమె చూడనేలేదు. మాకును అప్పుడు అది గుర్తుకు రాలేదు.

శిష్యులు అడ్డుపెట్టిన చిన్నబిడ్డలను చేరదీసిన ప్రభువు, వారి కొరకు మీరు వ్రాయు ప్రతి మాటను దీవించును గాక. ఆమేన్.