పొయ్యి ముందు కూర్చున్నది వట్టి మనిషి కాదు

తెలుగులో గర్భవతికి ఉన్నన్ని పేర్లు మహారాజులకు కూడా ఉండవేమో! కావ్యాలలో గర్భిణి, అంతర్వత్ని, చూలాలు. ఇళ్లలో పెద్దవాళ్ల నోట "నెల తప్పింది", "నీళ్లోసుకుంది", "వట్టి మనిషి కాదు". ఈ చివరి మాటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. క్లాసులో జాతీయాల పాఠం వచ్చినప్పుడల్లా దాన్ని ఎత్తుకొని, మనవాళ్లు రెండు ప్రాణాల సంగతిని ఎంత సుకుమారంగా చెప్పారో చూడండని పిల్లలకు గొప్పగా వివరించేవాణ్ణి. ఆ మాటకు పూర్తి అర్థం నాకే తెలియదన్న సంగతి 2022 చలికాలంలో తెలిసివచ్చింది.

మా చెల్లెలి కూతురిని గిద్దలూరు దగ్గర ఒక పల్లెలో ఇచ్చాము. పిల్లకు ఆరో నెల. చూసి వద్దామని మార్కాపురంలో మొదటి బస్సెక్కి వెళ్లాను. నేను దిగేసరికి బాగా తెల్లవారింది. ఎదురుగా నల్లమల కొండలు, ఊరిమీద మోకాలెత్తున పరచినట్లు పొగ. పొగ అని ఇప్పుడంటున్నాను గాని, ఆనాడు అది మంచనే అనుకొన్నాను. ఒక పద్యం కూడా నాలుకమీదికి వచ్చింది!

ఇంటికి వెళ్లేసరికి మా మేనకోడలు వసారాలో పొయ్యిముందు గొంతుక్కూర్చొని ఊదుగొట్టంతో ఊదుతున్నది. పొయ్యిలో సర్కారు తుమ్మ మొద్దు, దానిమీద మంచుకు తడిసిన కందికంప. అంటుకోక పొగలు కక్కుతున్నది. "రా మామా" అని కళ్లు తుడుచుకొంటూ లేచింది. ఆ మూలనే గ్యాసుపొయ్యి ఉన్నది. దానిమీద ఒక పాతగుడ్డ కప్పి, గుడ్డమీద ఉల్లిపాయల బుట్ట పెట్టారు.

నా చూపు అటు పోవడం గమనించి కాబోలు, వాళ్ల అత్తగారు అన్నది: "నీళ్లకూ సంగటికీ కూడా దానిమీదనే పెడితే బండ ఎన్నాళ్లొస్తదన్నా? కూరా కాఫీ అయితే దానిమీదనే. అయినా పొయ్యికాడ గొంతుక్కూర్చుంటే కాన్పు సులువని మా అత్త చెప్పేది."

ఆ ఇంటివాళ్లు కోడలిని అశ్రద్ధ చేసేవాళ్లు కారు. ఆ ఏడు అక్టోబరు 25న సూర్యగ్రహణం, నవంబరు 8న చంద్రగ్రహణం వచ్చినవి గదా. రెండుసార్లూ పిల్లను తలుపులు మూసిన గదిలోనుంచి కదలనీయలేదట. బొప్పాయి ఇంటికి రానీయలేదు. దీపాలు పెట్టేవేళ గడప దాటనీయరు. నేనూ తక్కువ తినలేదు. పెద్దమనిషి తరహాగా బొప్పాయి విషయంలో వాళ్లను మెచ్చుకొని, ఆ పొయ్యి పక్కనే పీటమీద కూర్చొని, కాఫీ తాగి, కళ్లు మండుతుంటే కాస్త దూరం జరిగి కూర్చున్నాను. నేను జరిగాను, ఆ పిల్ల జరగలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఫిబ్రవరిలో, నెలలు నిండకుండానే, కాళ్ల వాపులు, తలనొప్పి, రక్తపుపోటు. ఆసుపత్రికి తీసికొని వెళ్లారు. పూర్వం గుర్రపువాతమని పేరు విని హడలిపోయేవారే, ఆ మూర్ఛలు రాకముందే కాన్పు చేయవలసి వచ్చింది. ఆడపిల్ల. 1,900 గ్రాములు. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. 18 రోజులు అద్దాల పెట్టెలోనూ, తల్లి రొమ్ముమీదా పెట్టి దక్కించారు. డాక్టరమ్మను కారణమేమిటని అడిగితే, "రక్తం తక్కువగా ఉంది, బీపీ ఉంది. ఇదొక్కటే కారణమని దేన్నీ చూపించలేమండీ" అన్నది. కాసేపాగి, "ఇంట్లో కట్టెలపొయ్యేనా?" అని అడిగింది.

ఆ ప్రశ్న పట్టుకొనే నేను చదవడం మొదలుపెట్టాను. తెలుగు మేష్టారికి వైద్యగ్రంథాలతో పనేమిటని మిత్రులు నవ్వారు. నవ్వితే నవ్వారు.

గాలి కాలుష్యమనగానే మనకు ఢిల్లీ గుర్తుకు వస్తుంది. మన పడమటి ప్రకాశంలో అటువంటిదేమున్నది, అంతా కొండగాలి గదా అనుకొంటాము. కాని 2004లో అచ్చయిన ఒక పరిశోధన ఉన్నది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెలలో 420 ఇళ్లలోకి వెళ్లి, ఊపిరితో లోపలికి పోయే సన్నని నలుసులను కొలిచింది. రోజంతటికీ సగటు కడితే, గ్యాసుతో వండే ఇళ్లలో ఘనమీటరు గాలికి 73 మైక్రోగ్రాములు. కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో ఆ లెక్క 732 దాకా పోయింది! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు ఏడాది సగటున 5. మన దేశపు హద్దు 40. ఈ హద్దులు ఇంకా సన్నని నలుసులకు పెట్టినవి గనుక పోలిక అచ్చంగా సరిపోదు గాని, ఏ వంటింట్లో ఏ మాత్రం పొగ ఉన్నదో తెలియడానికి చాలును.

ఈ సన్నని నలుసులంటే ఎంత? రెండున్నర మైక్రాన్లు, అంతకు లోపు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యోవంతో, ముప్పయ్యోవంతో అనుకోండి. ముక్కులో వెంట్రుకలు వీటిని ఆపలేవు. నోటికి అడ్డం పెట్టుకొన్న చీరచెంగు కూడా పెద్దగా ఆపలేదు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి, మరీ సన్నవి నెత్తురులో కలుస్తాయి. అక్కడినుంచి మాయ దగ్గరికి చేరుతాయి. వేదాంతులు మాయ అనే మాటను వేరే పనికి వాడుకొన్నారు గాని, మన మంత్రసానులకు మాయ అంటే బిడ్డకు అన్నం, నీళ్లు, ఊపిరి అందించే ఆ ఎర్రని ముద్దే. తల్లి తిన్నదానిలో చెడును అది ఆపుతుందని చాలా కాలం నమ్మారు. బెల్జియం దేశంలో హాసెల్ట్ విశ్వవిద్యాలయంవారు 2019లో మాయను పరీక్షించి, బిడ్డవైపు భాగంలోనే మసి రేణువులు ఉన్నట్లు చూపించారు. 2022లో వారూ, స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంవారూ కలిసి చేసిన పరీక్షలలో గర్భస్థ శిశువు కాలేయంలో, ఊపిరితిత్తులలో, మెదడులో కూడా అవి కనిపించాయి. ఇంకా మొదటి ఊపిరి పీల్చని బిడ్డ ఊపిరితిత్తులలో మసి! ఆ వాక్యం చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

నలుసులతో పాటు కట్టెపొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువున్నది. వాసన లేదు, రంగు లేదు. నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువుకన్నా రెండువందల రెట్లు గట్టిగా పట్టుకొంటుంది. అంటే బిడ్డకు చేరవలసిన ప్రాణవాయువు బండిలో చోటు దొరక్క ఆగిపోతుంది. అసలు బళ్లే తక్కువున్న తల్లి సంగతి చెప్పేదేమున్నది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకుండా పుట్టడం, కడుపులోనే పోవడం, తల్లికి రక్తపుపోటు పెరగడం, వీటన్నిటితోనూ చెడుగాలికి సంబంధమున్నదని అనేక దేశాలలో కనుగొన్నారు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో ఏటా సుమారు మూడున్నర లక్షల గర్భాలు నిలవకపోవడానికి మితిమీరిన నలుసులతో సంబంధం ఉండవచ్చునని 2021లో ఒక అంచనా వెలువడింది.

ఇక్కడ ఒక్క మాట. కట్టెపొగ తాకిన ప్రతి తల్లికీ ఇట్లా జరుగుతుందని కాదు. మా అమ్మ నలుగురిని కన్నది, అన్నీ కట్టెలపొయ్యి కాలపు కాన్పులే. కాని ఎన్ని కాన్పులు చెడ్డాయో మా అమ్మమ్మ తరంవాళ్లు లెక్క చెప్పరు. అడిగితే "పోయినోళ్లు పోయినారు" అంటారు, అంతే.

మార్కాపురం వాణ్ణి గనుక పలక సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. తెలుగునాట ఎందరో అక్షరాలు దిద్దుకొన్నది మా ఊరి రాతిమీదనే. నోటుపుస్తకాలు వచ్చి రాతపలక తగ్గిపోయింది గాని, అదే రాయిని గోడలకూ నేలకూ పరిచే బండలుగా కోస్తున్నారు. కోసేచోట లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, మళ్లీ మామూలు కావు. క్షయ కూడా తొందరగా అంటుకొంటుంది. కడుపులో బిడ్డమీద ఈ దుమ్ము నేరుగా ఎంత పనిచేస్తుందో చెప్పే ఆధారాలు పొగకు ఉన్నంత గట్టిగా లేవు. కాని తన ఊపిరికే తడుముకొనే తల్లి బిడ్డకెంత పంచగలదు? ఒకచోట బండలు మోస్తున్న గర్భవతిని ఎన్నాళ్లు వస్తావమ్మా అని అడిగాను. "ఏడో నెల దాకా వస్తా సార్. ఆపైన మా ఆయన రావొద్దంటాడు" అన్నది. కోసే రంపంమీద నీళ్లధార పడుతుంటే దుమ్ము చాలావరకు అక్కడే అణగిపోతుంది. నీళ్లే దొరకని మన ఊళ్లలో ఆ ధార ఎండాకాలమంతా పడుతుందా అన్నది వేరే ప్రశ్న.

సరే, అందరికీ గ్యాసు ఇస్తే సరిపోదా? నేనూ అట్లాగే అనుకొన్నాను. ఈ విషయంలో నన్ను బాగా ఆలోచింపజేసింది 2022లో వెలువడిన ఒక పెద్ద పరీక్ష ఫలితం. తమిళనాడులోనూ, గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాలలోనూ 3,200 మంది గర్భవతులను తీసికొని, సగంమందికి గ్యాసుపొయ్యీ గ్యాసూ ఉచితంగా ఇచ్చారు. మిగతా సగం మామూలు పొయ్యిలమీదనే వండుకొన్నారు. గ్యాసువాళ్లు పీల్చే నలుసులు 70 నుంచి 24కు దిగినవి. కాని బిడ్డల బరువు? తేడా సుమారు 20 గ్రాములు, అది లెక్కలోకి రానంతటిది! నిరాశగానే ఉన్నది. అట్లాగని కట్టెపొయ్యి నిర్దోషి అని తీర్పు చెప్పడానికి లేదు. గ్యాసు అందేసరికి వాళ్లకు మూడు నాలుగు నెలలు గడిచిపోయినవి. దిగివచ్చిన ఆ 24 కూడా, 5 అనే హద్దుకు దాదాపు అయిదింతలు. తమ పొయ్యి మారినా పక్కింటి పొయ్యి మారలేదు. అదే కల్పనా బాలకృష్ణన్ బృందం తమిళనాడులో 1,285 మంది తల్లులను గమనించి 2018లో ప్రకటించినదేమంటే, నలుసులు ప్రతి 10 మైక్రోగ్రాములు పెరిగినకొద్దీ బిడ్డ బరువు 4 గ్రాముల చొప్పున తగ్గిందని. కొద్దికొద్దిగా తగ్గేదే గాని, పది కాదు, వందల లెక్కలో ఉన్న పొగ మాట ఏమిటి?

ఇంకొక కబురు మాత్రం నాకు ధైర్యమిచ్చింది. 2008లో ఒలింపిక్సు కోసమని చైనావాళ్లు బీజింగులో కార్ఖానాలు ఆపి, కార్లు తగ్గించి, కొన్ని వారాలపాటు గాలిని శుభ్రం చేశారు. ఆ వారాలలో ఎనిమిదో నెల నడిచిన తల్లుల బిడ్డలు, ముందు వెనుక సంవత్సరాలలో అదే రోజులలో ఎనిమిదో నెల నడిచిన తల్లుల బిడ్డలకన్నా సగటున 23 గ్రాములు ఎక్కువ తూగారట. ఆటగాళ్ల కోసం చేసిన పని కడుపులో పిల్లలకు దక్కింది.

గ్యాసు మన ఊళ్లకు కొత్తదేమీ కాదు. 1999లోనే దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్జ్వల వచ్చింది. 2024 దీపావళి నుంచి రాష్ట్రంలో అర్హులకు ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. 2019–21 సర్వేలో రాష్ట్రంలో నూటికి ఎనభైకి పైగా ఇళ్లు ప్రధానంగా శుభ్రమైన ఇంధనంతో వండుతున్నవేనని లెక్క తేలింది. కాని "ప్రధానంగా" అనే మాటలోనే కిటుకున్నది. మా మేనకోడలి అత్తవారిల్లు కూడా ఆ ఎనభైలోనిదే గదా! కూర గ్యాసుమీద, సంగటి కట్టెలమీద. కాఫీ గ్యాసుమీద, ఇంటిల్లిపాది స్నానాలనీళ్లు కట్టెలమీద. అంటుకోవడానికి ప్లాస్టిక్ కవరు ముక్క. ఊదేది ఎవరు? ఇంట్లో అందరికన్నా చిన్నది, కోడలు. ఆ పొగకు తోడు వసారాలోనే మామగారి బీడీ. పురుడు వచ్చాక తలుపులు మూసిన గదిలో కుంపటి, పసిబిడ్డ తలకు సాంబ్రాణి ధూపం. సాంబ్రాణి వాసన నాకూ ఇష్టమే, కాని ఊపిరికి సంబంధించినంతవరకు అదీ పొగే.

ఈ లెక్కలన్నీ వల్లించి ఆ ఇంటివాళ్లకు ఉపన్యాసమిద్దామనే వెళ్లాను. నా ఉపన్యాసం రెండు నిమిషాలకే ఆగిపోయింది. ఏడాదికి మూడు బండలు నాలుగు నెలల మాటని, ఆపైన కొనాలంటే కూలిడబ్బులని, తుమ్మ అయితే పొలంగట్టునే ఉన్నదని ఆమె వేళ్లమీద లెక్క చెబితే నా దగ్గర జవాబు లేదు. అప్పుడు వేరేగా అడిగాను. "పోనీ వదినా, పొయ్యి ఆర్పమనను. ఈసారి మళ్లీ నెల తప్పితే మాత్రం, మొదటి నాటినుంచీ పొయ్యిముందు ఆ పిల్లను కూర్చోనీయకు. పొయ్యిని ఇంట్లోంచి బయటికి పెట్టుకో. ఆ ఉచితం బండలేవో ఆ నెలలకు దాచు." ఆమె కాసేపు ఆలోచించి, "మరి నీళ్లెవరు కాచాల?" అన్నది. ఇంట్లో ఇద్దరు మగవాళ్లున్నారు. నేను వాళ్లవైపు చూశాను. వాళ్లు పెరటివైపు చూశారు.

మొన్న సంక్రాంతికి వెళ్లాను. మా మేనకోడలికి మళ్లీ మూడో నెల. పొయ్యి వసారాలో లేదు. పెరట్లో వేపచెట్టు కింద, ప్రహరీ పక్కగా మూడు రాళ్లమీద వెలుగుతున్నది. దాని ముందు లుంగీ ఎగగట్టుకొని వాళ్లాయన ఊదుగొట్టంతో తంటాలు పడుతూ, నన్ను చూసి కాస్త సిగ్గుపడ్డాడు. గాలి తిరిగి పొగ అంతా మళ్లీ ఇంట్లోకే కొట్టింది. వాళ్ల అత్తగారు గబగబా వచ్చి వంటింటి కిటికీ మూసి, కోడలు కూర్చున్న నులకమంచాన్ని నా చేత ఒక పక్క పట్టించి, వీధి అరుగుమీదికి మార్పించింది. 1,900 గ్రాముల పిల్ల ఆ మంచంమీద నిలబడి, బలపంతో మా ఊరి పలకమీద గీతలు గీస్తున్నది.